పాలెగాడు చావకముందే జుట్టు ముడేశాను

సీరియల్లో తప్పు చేస్తే ఎడిటర్ కత్తిరించి పారేస్తాడు. నేను చేసిన తప్పును కత్తిరించడం ఎవరి వల్లా కాలేదు. పట్టపగలు, కుప్పం దగ్గర ఒక ఊళ్ళో, ఇసకేస్తే రాలనంత జనం చూస్తుండగా, పది రోజుల జాతరను ఒక్క నిమిషంలో తలకిందులు చేశాను. నా చేతిలో అప్పుడు కత్తి లేదు, అగ్గిపుల్ల లేదు. జుట్టుకు పెట్టుకునే క్లిప్పు ఉంది. ప్లాస్టిక్‌ది, ఊదారంగుది. దాంతో ఎంత నష్టం చేయవచ్చో మీకు తెలియదు కాబట్టే ఇంత వివరంగా చెబుతున్నాను. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు నవ్వనివాళ్ళం ముగ్గురమే. నేను, మా నాయన, చచ్చిపోవలసిన పాలెగాడు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. హైదరాబాదులో ఒక సీరియల్లో నటిస్తున్నాను. నటిస్తున్నాను అనేది నా మాట. విలన్ వదినగారి వెనకాల నిలబడే ఆడపడుచును. ఆరు నెలల్లో నాకిచ్చిన డైలాగులు మూడు: "అవునొదినా", "కాదొదినా", "అయ్యో వదినా". మూడోది చెప్పినప్పుడు సెట్లో అందరూ చప్పట్లు కొట్టారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. భోజనాలు వచ్చినందుకు కొట్టారని తర్వాత తెలిసింది.

అయినా మదనపల్లెకు వచ్చినప్పుడల్లా నల్ల కళ్ళజోడు పెట్టుకుని, ఎవరూ గుర్తుపట్టకూడదని తల వంచుకుని బజార్లో నడిచేదాన్ని. ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు. కాసేపు చూసి, గుర్తుపట్టడానికి వీలుగా నేనే కళ్ళజోడు తీసేసేదాన్ని. అప్పుడూ గుర్తుపట్టేవాళ్ళు కాదు. టమోటా మార్కెట్లో ఒకాయన మాత్రం ఆగి, "నువ్వు నారాయణప్ప కూతురివి గదమ్మా" అన్నాడు. ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

ఆ నారాయణప్ప మా నాయన. పగలు మార్కెట్లో పని, జాతర వచ్చిందంటే గుట్టమ్మ. కుప్పం వైపు ఆ ఊరి దేవత గుట్టమ్మ. ఊళ్ళో ధాన్యమంతా దోచి తిని పొట్ట పెంచిన ఒక పాలెగాడు ఆవిడ జుట్టు పట్టుకుని ఈడ్చాడట. "నువ్వు నేల కూలేదాకా ఈ జుట్టు ముడెయ్యను" అని ఆవిడ శపథం చేసిందట. తమ్ముడు పోతురాజు వెళ్ళి పాలెగాణ్ణి చంపాడట. జాతరలో తొమ్మిది రోజులు ఈ కథను ఆడతారు, పదో రోజు పొద్దున పాలెగాణ్ణి చంపుతారు.

ఎలాగంటే, ఊరి బయట మైదానంలో బండి మన్నుతో పాలెగాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి చేస్తారు. పొట్ట మాత్రం చిన్న గుట్టంత ఉంటుంది. అందులో ఎర్రనీళ్ళ కుండ పాతిపెడతారు. పాలెగాడి వేషం కట్టినాయన మైదానమంతా పరుగెడతాడు, పోతురాజు తరుముతాడు, చివరికి పాలెగాడు మట్టిబొమ్మ పక్కన పడతాడు, పోతురాజు బొమ్మ పొట్టలో బల్లెం దించుతాడు. గద్దె మీద నిలబడిన గుట్టమ్మ దిగివచ్చి, ఆ ఎర్రనీళ్ళు తలకు రాసుకుని, మళ్ళీ గద్దెనెక్కి, రెండు చేతులూ పైకెత్తి జుట్టు ముడి వేసుకుంటుంది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. అంత జనంలో నేల మీది బొమ్మ ముందు వరుసల వాళ్ళకే కనబడుతుంది. వెనక వాళ్ళందరికీ కనబడేది గద్దె మీది గుట్టమ్మ ఒక్కతే. ఆవిడ జుట్టు ముడేసిందంటే పాలెగాడు చచ్చాడని లెక్క. వెంటనే ఊరంతా వచ్చి పడి ఆ పొట్ట మన్ను పిడికెళ్ళతో తవ్వుకుపోతారు. వాడు తిన్న ధాన్యమంతా ఆ మన్నులో ఉందని నమ్మకం. గింజల గాదెలో వేసుకుంటే ఏడాదంతా గాదె నిండుగా ఉంటుంది.

ఈ గుట్టమ్మ వేషం మా ముత్తాత నుంచి మా ఇంట్లోనే ఉంది. మా నాయన ఇరవై రెండేళ్ళు కట్టాడు. ఒక ఏడు జుట్టులో కందిరీగ దూరితే, అది మూడుచోట్ల కుట్టినా, చెయ్యి పైకెత్తకుండా నిలబడ్డాడు. ఆ ఏడు గుట్టమ్మ నుదురు గుమ్మడికాయంత ఉందని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత మోకాళ్ళు అరిగిపోయాయి. గద్దె ఎక్కలేడు. కొడుకుల్లేరు. ఉన్నది నేను.

జాతర పెద్ద మునెప్ప ఒప్పుకోలేదు. "ఆడబిడ్డ ఈ యాసం కట్టింది మా తాతలనాడు కూడా లేదప్పా" అన్నాడు.

"గుట్టమ్మ ఆడదే గదన్నా" అన్నాడు నాయన.

మాట నిజమే. కానీ నిజమైనంత మాత్రాన పెద్దమనుషులు ఊరుకుంటారా? "సరే, ఈ ఒక్క ఏడు సూస్తాం. ఏమన్నా తేడా వచ్చిందంటే ఇంక ఈ యాసం మీ ఇంటికి లేదు. బి.కొత్తకోట జట్టోళ్ళు ఎప్పుడిస్తారా అని కాసుకోనుండారు" అన్నాడు.

నాయన బస్సెక్కి ఇంటికొచ్చి నాకు చెప్పాడు. "పాపా, మూడు తరాలు మోసిన యాసం ఇది. నా చేతిలోంచి నీ చేతికిస్తాండాను. జారిందా, ఇంక ఎవురికీ రాదు."

నేనేమన్నానో తెలుసా? "నాయనా, ఒకరోజు కాల్‌షీట్ సర్దుబాటు చేసుకుంటాలే" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పుడు తలుచుకుంటే కుట్టెయ్యాలనిపిస్తుంది.

తొమ్మిది రోజుల ఆటకు నేను వెళ్ళలేదు, షూటింగు ఉందని. ఆ రోజులన్నీ ఇంకెవరో నెట్టుకొచ్చారు. పదోరోజు వధకు మాత్రం దిగాను. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. "ప్రముఖ టీవీ నటి" అని నా బొమ్మ వేశారు. దేవత బొమ్మకంటే నా బొమ్మ పెద్దది. చూసి సిగ్గుపడాల్సింది పోయి, ఫొటోలో ఎడమవైపు నుంచి తీసుంటే బాగుండేదని బాధపడ్డాను.

వేషం కట్టేటప్పుడు నాయన జుట్టు దువ్వి వదులుగా భుజాల మీద పరిచాడు. నేను ఆయనకు కంటిన్యుటీ గురించి పాఠం చెప్పాను. "సెట్లో జుట్టు చూసుకోడానికే ఒక మనిషి ఉంటుంది నాయనా. ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ వెంట్రుక తేడా రాకూడదు. కట్ అనగానే అందరం క్లిప్పు పెట్టుకుంటాం. షాట్ రెడీ అనగానే తీసేస్తాం. లేకపోతే ఉక్కకు చచ్చిపోతాం."

"మాకు కట్ లేదు పాపా. యాసం ఇప్పేదాకా షాటే" అన్నాడు నాయన.

పాపం, పల్లెటూరి ఆర్టిస్టు, ఏం తెలుసులే అనుకున్నాను. క్లిప్పు చీర కుచ్చిళ్ళలో దోపుకున్నాను.

పది గంటలకు మొదలైంది. ఎండ మాడ్చేస్తోంది. పాలెగాడు చెంగల్రాయప్ప. పుంగనూరులో టైలరు. మనిషి మంచివాడు, పొట్ట సహజంగానే పెద్దది. పది రోజులు ఒంటిపూట తిని, నేల మీద పడుకుని, చెప్పుల్లేకుండా నడిచి ఈ చావుకు సిద్ధపడ్డాడు. ఆయన ఆరోజు చావడం చూడటానికి కొత్తగా కలుపుకున్న వియ్యాలవారు సదుం నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు.

పాలెగాడు పరుగు మొదలుపెట్టాడు. ఆ పరుగు ఊరికే పరుగు కాదు. దారిలో కనబడ్డవాణ్ణల్లా పేరుపెట్టి తిడతాడు, బొరుగుల అంగడిలో చెయ్యి పెడతాడు, మునెప్ప పైపంచె లాక్కుని ముక్కు తుడుచుకుంటాడు. జనం పడీ పడీ నవ్వుతారు. వెనకాల పోతురాజు బల్లెం పట్టుకుని కేకలేస్తూ తరుముతుంటాడు. ఇది ముప్పావుగంట సాగుతుంది. ఈ ముప్పావుగంటా గుట్టమ్మకు పని లేదు. గద్దె మీద జుట్టు విరబోసుకుని మండే కళ్ళతో నిలబడాలి, అంతే.

అరగంట మండే కళ్ళతో నిలబడ్డాను. తర్వాత నిజంగానే మండాయి. మెడ వెనక చెమట ధార కట్టింది. పాలెగాడు మైదానం ఆ చివరకు, చింతతోపు వెనకకు పోయాడు. జనమంతా అటు తిరిగి నవ్వుతున్నారు. నా బుర్రలో ఒక మాట మెదిలింది. ఇది నా షాట్ కాదు.

సరిగ్గా అప్పుడే ఇద్దరమ్మాయిలు గద్దె కిందికొచ్చారు. "అక్కా, మీరు సీరియల్లో వొస్తారు గదా? వదిన ఎనకాల నిలబడుకోనుంటారే, మీరే గదా?"

ఆరు నెలల్లో మొదటిసారి! నా ఒళ్ళు పులకరించింది. గుట్టమ్మ ఎటుపోయిందో తెలియదు, హేమ అనే నేను మాత్రం రెండు చెవుల దాకా నవ్వాను.

"ఒక సెల్ఫీ అక్కా."

"దా."

"జుట్టు మొగం మీద పడతాండాదక్కా. మొగం కనపడల్లే."

అయ్యో, నా మొహం కనబడకపోవడమా! కుచ్చిళ్ళలోంచి క్లిప్పు తీశాను. రెండు చేతులూ పైకెత్తాను. జుట్టు మెలితిప్పాను. టక్కున క్లిప్పు పెట్టాను. ఎడమవైపు తిరిగి నవ్వాను.

గద్దె కిందే గంగులవ్వ అని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఊళ్ళో అందరికంటే పెద్దది. తెల్లారకముందే వచ్చి చోటు పట్టుకుంది. ఆవిడ తలెత్తి చూసింది. రెండు చేతులూ జోడించింది. తర్వాత ఆవిడ వేసిన కేక నా చెవుల్లో ఇంకా ఉంది.

"అమ్మోరు జుట్టు ముడేసింద్రోయ్! పాలెగాడు పడ్న్యాడ్రోయ్!"

"యాడ? యాడ పడ్న్యాడు?"

"యాడ పడితే ఏమి, అమ్మ ముడేసింది సూడు!"

పలకలవాళ్ళు గద్దె వైపు చూశారు. చూసి దరువు మార్చేశారు. అది చావు దరువు. ఇక చెప్పాలా! ఆడవాళ్ళు కొంగులు, మగవాళ్ళు తువ్వాళ్ళు, ఒకాయన ఏకంగా ఎరువుల సంచీ పట్టుకుని బొమ్మ మీదికి దూకారు. నేను క్లిప్పు లాగేసి "ఆగండి, ఆగండి, అది సెల్ఫీ!" అని అరిచాను. దేవత దీవిస్తోందనుకుని ఇంకో నలుగురు దండం పెట్టి దూకారు. కుండ పగిలింది, ఎర్రనీళ్ళు ఎవరి కాళ్ళకు అంటుకున్నాయో వాళ్ళకు అంటుకున్నాయి. నేను గద్దె దిగేలోపల పాలెగాడికి తల ఉంది, కాళ్ళున్నాయి, మధ్యలో గుంట ఉంది.

అప్పుడు చింతతోపు వెనకనుంచి, ప్రాణాలతో, రొప్పుతూ, చేతిలో మునెప్ప పైపంచెతో చెంగల్రాయప్ప వచ్చాడు. జనం ఇళ్ళకు మళ్ళుతున్నారు. ఆయన నిలబడిపోయాడు.

"ఏమప్పా! యాడికి పోతాండారు? నేనింకా బతికే ఉండాను గదప్పా!"

ఒక రైతు మన్ను మూట భుజానికెత్తుకుంటూ తాపీగా అన్నాడు. "బతికుంటే నీ పొట్ట యాడప్పా?"

"ఇదో ఉండాది గదా!" అని చెంగల్రాయప్ప తన పొట్ట మీద చరుచుకున్నాడు.

"అది కాదులే. మన్ను పొట్ట. అది అయిపాయె. నువ్వు సచ్చినావు, ఇంటికి పో."

"పది దినాలు ఒంటిపొద్దు ఉంటి. మా వియ్యంకులొచ్చిండారు నేను సచ్చేది సూసేదానికి. నన్ను సంపకుండానే పంపిస్తారా?" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒరే పోతురాజూ, నువ్వన్నా సంపరా!"

పోతురాజు బల్లెం పట్టుకుని గుంటలోకి చూశాడు. "యాడ పొడిసేదన్నా? ఏం మిగల్లేదే."

మునెప్ప వచ్చాడు. ఆయన మొహం చూస్తే ఆ రోజు చచ్చేది చెంగల్రాయప్ప కాదు, నేనే అనిపించింది. సాయంత్రం నిప్పులగుండానికి అప్పుడే కట్టెలు పేర్చారు. పాలెగాడు చావకుండా గుండం తొక్కకూడదు. పాలెగాడు చచ్చాడా అంటే ఎదురుగా నిలబడి మజ్జిగ అడుగుతున్నాడు.

నేను ధైర్యంగా ముందుకొచ్చాను. సెట్లో నేర్చుకున్న ఒక్క విద్య ఉంది కదా. "పెద్దాయనా, రీటేక్ చేద్దాం."

"అంటే?"

"అంటే మళ్ళీ మొదట్నించీ."

మునెప్ప వేళ్ళు లెక్కపెట్టాడు. "మొదట్నించీ అంటే, పది దినాలా?"

ఆయన నాయన వైపు తిరిగాడు. "నారాయణప్పా, నేను ముందే సెప్తి. ఇంక నీ ఇంటికి ఈ యాసం..."

నాయన కుర్చీలోంచి లేచాడు. మోకాళ్ళు పట్టుకుని, నా మీద ఆనుకుని లేచాడు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఒక్క గంట టైమియ్యన్నా. పొట్ట ఎనక్కి తెప్పిస్తాం" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు, "పాపా, కొంగు పట్టుకో. ఇంటింటికీ పో. నువ్వు పోగొట్టినావు, నువ్వే అడుక్కో."

ఆ క్షణంలో నాకు భూమిలోకి పోవాలనిపించింది. కానీ భూమి కూడా జనం కొంగుల్లో ఉంది.

ప్రముఖ టీవీ నటి జుట్టు విరబోసుకుని, పట్టుచీర కొంగు చాపి, కాళ్ళు కాలుతుంటే గడప గడపకూ తిరిగింది. "అమ్మా, పాలెగాని పొట్ట కొంచెం ఇయ్యండమ్మా" అని అడుక్కుంది. మీరు మీ జీవితంలో ఎవరినైనా ఏదైనా అడిగి ఉండవచ్చు, పాలెగాని పొట్ట అడిగి ఉండరు.

మొదటింట్లో ఒకావిడ అప్పటికే మన్నును గాదెలో పోసేసింది. "ఇంక రాగుల్లో కలిసిపాయె, యాడ ఏరేది?" అంది. ఇద్దరం కూర్చుని జల్లెడ పట్టాం. రెండోయింటావిడ సీరియల్ భక్తురాలు. "ఇస్తా గానీ, ఆ బిడ్డ ఎవురి బిడ్డో సెప్పు ముందు" అంది. రాబోయే ఇరవై ఎపిసోడ్ల కథ గడపలో నిలబడి చెప్పేశాను. ఆ మాట పక్కింటికి పాకింది. తర్వాత వరుసగా నాలుగిళ్ళలో పిడికెడు మన్నుకు ఒక ఎపిసోడు చొప్పున ఇచ్చుకున్నాను. అయిదోయింటావిడ కథ మొత్తం విని, "ఇంతేనా? ఇంక సూసేది ఎందుకులే" అని టీవీ ఆపేసింది.

చివరికి గంగులవ్వ ఇల్లు. అవ్వ అరుగు మీద మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమ్మే, నువ్వేనా ముడేసింది?"

"అవునవ్వా."

"యాల ముడేస్తివి?"

ఉక్కపోసిందని చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది. "ఫొటోలో నా మొహం కనబడాలని, అవ్వా" అన్నాను. ఏడుపొచ్చేసింది. సెట్లో గ్లిజరిన్ వేసినా రాని ఏడుపు, ముక్కు కారేంత ఏడుపు.

అవ్వ మూట ముడి మీద చెయ్యి వేసింది. "నీ నాయనను కందిరీగ కుట్టేటప్పుడు నేను ఈ కండ్లతో సూసినా. కదల్లే. నువ్వు ఫోనుకే కదిల్తివి" అంది. మూట విప్పి నా కొంగులో పోసింది. "పో. ఈతూరి వాడు సచ్చినాంకనే ముడెయ్యి. వాడు సచ్చినాడా లేదా నువ్వే కండ్లారా సూసుకో."

కొంగు నిండా మన్నుతో వచ్చాను. నాయన గుంట పక్కన కూర్చుని, నీళ్ళు పోయించి, నాచేతే పిసికించి పొట్ట కట్టించాడు. మునుపటి పొట్టలో సగం కూడా రాలేదు. రాగులు కలిసిన చోట్ల గరుకుగా ఉంది. చెంగల్రాయప్ప చూసి, "ఇంత సిక్కిపోయినానా?" అన్నాడు. కుంకుమ కలుపుదామంటే దుకాణంలో కుంకుమ అయిపోయింది. సర్బత్తు బండాయన దగ్గర ఎర్ర పాకం సీసాలు రెండున్నాయి. వాటినే కొత్త కుండలో పోసి పాతాం.

రెండోసారి పాలెగాడు పరుగెత్తాడు. ఈసారి దూరం పోలేదు పాపం. నా కళ్ళెదురుగానే, వెనక్కి తిరిగి తిరిగి నా జుట్టునే చూస్తూ పరుగెత్తాడు. పడ్డాడు. పోతురాజు పొడిచాడు. వియ్యంకులు తృప్తిగా నిట్టూర్చారు. నేను దిగివెళ్ళి ఆ ఎరుపును రెండు చేతులా తలకు రాసుకుని గద్దెనెక్కి, మునెప్ప వైపు చూశాను. ఆయన తలూపాడు. చెంగల్రాయప్ప వైపు చూశాను. శవం కూడా తలూపింది. అప్పుడు ముడేశాను.

ఆ పాకంలో చక్కెర ఎంతుందో నాకు బస్సెక్కాక తెలిసింది. పలమనేరు దాటేసరికి చీమలు వచ్చాయి. పుంగనూరులో తేనెటీగలు ఎక్కాయి, టికెట్ లేకుండా. మదనపల్లె చేరేసరికి నా పక్క సీట్లన్నీ ఖాళీ. పైగా ఆ ఎరుపును మూడు రోజులు కడగకూడదని ఆచారం. మర్నాడు షూటింగు.

"కడిగేసుకో పాపా, నీ పని పోతాది" అన్నాడు నాయన.

"కడగను. వేషం ఇప్పేదాకా షాటే అన్నావు గదా" అన్నాను. అది పొగరుతో అన్నది కాదు. భయంతో, ప్రేమతో అన్నాను.

సెట్లో డైరెక్టరు నా తల చూసి, "మొన్న నల్లగా ఉంది, ఇవాళ ఎర్రగా అట్టకట్టింది. కంటిన్యుటీ ఏదమ్మా?" అన్నాడు. మధ్యాహ్నంకల్లా కథ మారింది. నా పాత్రకు పెళ్ళయిపోయిందని చెప్పి అత్తగారింటికి పంపేశారు. ఆ సీరియల్ ఇప్పటికీ వస్తోంది. నేను ఇంకా పుట్టింటికి రాలేదు. రాబోయే కథంతా కుప్పం వైపు ముందే ఎలా తెలిసిపోయిందని మాత్రం వాళ్ళు చాలాకాలం విచారణ చేశారట.

తర్వాత నాటకాలు దొరికాయి, చిన్న సినిమాలు రెండు మూడు చేశాను. బజార్లో ఇప్పుడు నన్ను గుర్తుపడతారు, "పొట్ట అడుక్కున్నమ్మ" అని. ఇక వేషం సంగతి. మరుసటి ఏడు పంచాయతీలో మునెప్ప మా ఇంటికి ఇక లేదనే అనబోయాడట. గంగులవ్వ లేచి, "ఇంతమంది అమ్మోర్లు వొచ్చిరి, పోయిరి. నా గడపకొచ్చి నిజం సెప్పింది ఇదొక్కటే. దీనికే ఇయ్యండి" అందట. ఒక్క షరతు పెట్టారు. గద్దె ఎక్కేముందు నా కుచ్చిళ్ళు, కొంగు, జాకెట్టు చేతులు గంగులవ్వ తడిమి చూడాలి. క్లిప్పు, పిన్ను, రబ్బరు బ్యాండు, ఏదీ ఉండకూడదు. విమానాశ్రయంలో కూడా అంత గట్టిగా చూడరు.

అయిదేళ్ళుగా నేనే కడుతున్నాను. తొమ్మిది రోజుల ఆటకూ పోతున్నాను. ప్రతి ఏడూ పదోరోజు పొద్దున, పరుగు మొదలుపెట్టేముందు, చెంగల్రాయప్ప గద్దె దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించి అదే మాట అంటాడు. "అమ్మా, నేను బతికే ఉండాను. గుర్తుంచుకో తల్లీ."

అందుకే పాఠక మహాశయులారా, గుట్టమ్మ సాక్షిగా, పాలెగాని పొట్ట సాక్షిగా, ఆ ఊదారంగు క్లిప్పు సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. ఎంత ఉక్కపోసినా, కందిరీగ కుట్టినా, ఎవరు సెల్ఫీ అడిగినా, పాలెగాడు తనంతట తాను వచ్చి "నేను సచ్చిపోయినానమ్మా" అని నా చెవిలో చెప్పేదాకా ఈ జన్మలో జుట్టు ముడి వేయను.